ఉప్పుమడుల గురమ్మ చెప్పిన వాన

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యంలో రణధీరవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన శౌర్యం ఎంతో ఎవరికీ తెలియదు గాని, డాబు మాత్రం కోట గుమ్మంలో పట్టేది కాదు. రోహిణి కార్తె ఎండలు నిప్పులు చెరుగుతుంటే తన పుట్టినరోజు కొలువు ఆరుబయటే జరగాలన్నాడు. నీడ కోసం భటులు ఉప్పుమడుల దగ్గరున్న తాటాకులన్నీ ఊడ్చుకొచ్చి పెద్ద పందిరి వేశారు.

వాన వచ్చేముందు ఉప్పు కుప్పల మీద కప్పేది ఆ తాటాకులనే. అవి లేకపోతే అక్కడి వాళ్ళ కష్టమంతా నీళ్ళపాలే. ఈ సంగతి రాజుకు ఎవరు చెబుతారు?

కొలువునాడు పొద్దున్నే గాలి స్తంభించింది. ఒకటే ఉక్క. ఉప్పుమడుల్లో పనిచేసే గురమ్మ గుప్పెడు ఉప్పు తెచ్చి రాజు ముందు నిలబడింది.

"మారాజా! నిన్న పొడిగా ఉన్న ఉప్పు ఇయ్యాల చెమ్మగిల్లిపోనాది. పొద్దుగూకేలోగా పిడుగుల వాన దిగుతాది. మా ఆకులు మాకిప్పించండి. కుప్పలు కరిగితే ఏడాదంతా మా పిల్లలు పస్తులే!"

రాజు మీసం దువ్వాడు. "నా పుట్టినరోజున వానా? ఎంత ధైర్యం దానికి! ఏమంటారు శాస్త్రిగారూ?"

ఆస్థాన జ్యోతిష్కుడు శంభులింగశాస్త్రి కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెట్టాడు. "మృగశిర వచ్చేదాకా చినుకు రాలదు ప్రభూ!"

గురమ్మ వాదించకుండా శాస్త్రి వైపు తిరిగింది. "అయితే మంచిదే బాబూ. పురుగు పట్టకుండా తమరు ఏటా తాటాకు పుస్తకాలు ఎండలో పెడతారు గదా! ఇయ్యాల ఈ పందిరి ముందు మైదానంలో పరిపించండి. సందేళ దాకా అవి అక్కడే ఉంటే నేను నోరెత్తను."

రాజుకు భలే సరదా పుట్టింది. "తెప్పించండి!" అన్నాడు.

రెండు బళ్ళ పుస్తకాలు మైదానంలో పరిచారు. శాస్త్రి ముఖం వెలవెలబోయింది. మధ్యాహ్నానికి పడమట నల్లగా మబ్బు కమ్మింది. ఆయన మాటిమాటికీ పందిరి అంచుకు వెళ్ళి తొంగిచూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నారు శాస్త్రిగారూ?"

"గ్రహాలను, ప్రభూ."

"పట్టపగలా?"

ఇంతలో ఫెళ్ళున ఉరిమింది! శాస్త్రి పంచె ఎగ్గట్టి మైదానంలోకి పరుగు తీశాడు. "వానొస్తోంది! నా పుస్తకాలు! ఎత్తండర్రా, ఎత్తండి!"

సభ ఘొల్లుమంది. గురమ్మ చేతులు జోడించింది. "చూసినారా మారాజా! మా ఉప్పు మీదికి మృగశిర దాకా రాని వాన, ఆయన పుస్తకాల మీదికి మద్దేనానికే వచ్చేసింది!"

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి సిగ్గుపడ్డాడు.

"పందిరి పీకండి! అందరూ ఉప్పుమడులకు పరుగెత్తండి!"

ఇక చూడాలి ఆ సందడి! మంత్రులు, సేనాపతులు తాటాకులు నెత్తిన పెట్టుకుని ఒకటే పరుగు. రాజుగారు కూడా ఒక మోపు ఎత్తుకున్నారు. మెరుపులు కళ్ళు చెదరగొడుతున్నాయి. చివరి కుప్ప మీద చివరి ఆకు పడిందో లేదో, కుండపోతగా వాన!

తడిసి ముద్దయిన రాజు తన ముత్యాలహారం తీసి గురమ్మ చేతిలో పెట్టాడు. "ఇకమీదట మీ తాటాకుల జోలికి ఎవరూ రారు. జ్యోతిష్కుడి పదవి కూడా నీకే ఇస్తున్నాను!"

"వద్దు మారాజా, ఆయన్నే ఉండనీయండి. కాకపోతే వాన సంగతి అడిగినప్పుడల్లా, ముందు ఆయన పుస్తకాలు ఆరుబయట పెట్టించి మరీ అడగండి."

రాజు ఆ వానలోనే నిలబడి కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు.