ఏడుగుర్రాల నల్లకారు

తునిలో బస్టాండు వెనక వీధిలో బ్రహ్మలింగం అనే కారు వైరింగు మేస్త్రీ ఉండేవాడు. అతని చేతిలో ఎంత పనితనం ఉండేదో, ఇంకొకరిని మెచ్చుకుంటే ఓర్వలేని గుణమూ అంతే ఉండేది. పక్కవాడి మెడలో దండ పడితే లింగానికి తలనొప్పి వచ్చేది. అయినా దేవుడు చల్లనివాడు. లింగానికీ ఏటా ఒక గౌరవం రాసిపెట్టాడు.

ఎలాగంటారా? ఆ ఊరి సూర్యనారాయణస్వామికి చెక్కరథం లేదు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ సర్వమంగళగారి నల్ల అంబాసిడరే రథం. అది వాళ్ల నాన్నగారి కాలం నాటిది. రథసప్తమి నాడు దాని ముందు బంపరుకు ఏడు చెక్కగుర్రాలు బిగించేవారు. టాపు మీద స్వామిని కూర్చోబెట్టి, తొలికిరణం పడేసరికి కారు కదిలించేవారు. కారును సిద్ధం చేసినవాడికి స్వామివారి శేషవస్త్రం కప్పేవారు. ఇరవై ఏళ్లుగా అది లింగం భుజానిదే.

ఒక ఏడాది అతని కొట్టుకు ఎదురుగా నూకరత్నం కొట్టు పెట్టింది. మోటార్లు వైండింగు చేసే తండ్రి దగ్గర పని నేర్చిన పిల్ల. లింగం కూతురి పురిటికి అనకాపల్లి వెళ్లిన సమయంలో నల్లకారు డైనమో మొరాయిస్తే, ఆ అమ్మాయే బాగుచేసి, బ్యాటరీకి కొత్త వైరు వేసింది. "చాలా శుభ్రమైన పని" అని సర్వమంగళగారు నలుగురిలో అన్నారు. ఆ మాట విన్న రోజు లింగం కూరలో ఉప్పు లేదని భార్యను కసిరాడు. ఉప్పు సరిగ్గానే ఉంది!

రథసప్తమి వచ్చింది. జనం జిల్లేడాకులు, రేగుపండ్లు తలమీద పెట్టుకుని స్నానాలు చేసి, చీకటి విడుతుండగానే గుడి ముందు చేరారు. గుర్రాలు బిగించారు. స్వామి టాపెక్కాడు. సర్వమంగళగారు సెల్ఫ్ లాగారు. కారు 'టక్' అంది. అంతే, ఇంక ఉలకలేదు. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పుదామంటే గుర్రాలు అడ్డం. తోద్దామంటే ఎదురుగా మెరక.

లింగం బానెట్ ఎత్తాడు. నూకరత్నం వేసిన కొత్త వైరు కంటపడింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగో, దొరికింది!" అన్నాడు వీధంతా వినబడేలా. "నిన్నగాక మొన్న కొట్టు తెరిచినవాళ్ల చేతికి దేవుడి కారిస్తే ఇంతే మరి!"

ఆ వైరు పీకేసి తన వైరు వేశాడు. టక్. డైనమో దగ్గర ఆమె చుట్టిన టేపంతా విప్పి చూశాడు. టక్. లైట్లు మాత్రం పెళ్లిపందిట్లోలా వెలుగుతున్నాయి.

"లింగం, చలికి ఇంజను అందుకోవాలని ఈ చోక్ పిడి లాగి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోందయ్యా," అన్నారు సర్వమంగళగారు.

"ఎండకండి, అమ్మగారూ."

"మాఘమాసం చలి. ఇంకా పొద్దే పొడవలేదు. ఎండేమిటయ్యా నీ మొహం!"

జనం గొల్లున నవ్వారు. లింగం ఉడుక్కుని తనే చోక్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టాడు. రెండు వేళ్లు చుర్రుమన్నాయి. ఇంకో రోజైతే ఆ వేడికి కారణం చిటికెలో చెప్పేవాడే. ఇవాళ అతని కన్ను నూకరత్నం ముట్టుకున్న వైర్లు దాటి రానంటోంది.

"తూరుపు ఎర్రబడింది," అన్నారు అర్చకులు కామశాస్త్రిగారు గుండె పట్టుకుని. "సూర్యుడొచ్చేశాక రథం కదిలి లాభమేమిటి నాయనా?"

"నూకరత్నం! ఎక్కడున్నావే, ఇలా రా!" అని కేకేశారు సర్వమంగళగారు.

"పాడుచేసినవాళ్లే వచ్చి బాగుచేస్తారా అండీ?" అన్నాడు లింగం. అప్పటికే నూకరత్నం హారతిపళ్లెం పక్కావిడ చేతికిచ్చి, కొంగు దోపుకుని వచ్చేసింది.

"చోక్ కాలుతోందా బాబాయ్?"

లింగం చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"అయ్యో, పొక్కింది!" అని ఆమె టెస్ట్ బల్బు తీసింది. ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస బాడీకి ఆనించి, "ఇప్పుడు సెల్ఫ్ లాగండమ్మా" అంది. బల్బు వెలిగింది.

"ఇంజనుకూ బాడీకీ మధ్య ఇది వెలగకూడదు. రెంటినీ కలిపే ఎర్త్ పట్టీ పట్టు వదిలేసింది. బ్యాటరీకి వెనక్కి వెళ్లే దారి లేక కరెంటు, పిడి నుంచి ఇంజనుకు వెళ్లే ఆ సన్నటి చోక్ తీగ మీద పడింది, అందుకే వేడి."

ఇద్దరూ వంగి చూశారు. ఎర్త్ పట్టీ బిగించిన చోట, దాని కింద దట్టంగా నల్లపెయింటు. బోల్టు చుట్టూ తుప్పు. లింగం ఆ పెయింటును గుర్తుపట్టాడు. కిందటేడు కారు నిగనిగలాడాలని పెయింటు పూసి, గోకకుండా దానిమీదే పట్టీ బిగించింది తనే. పెయింటు కరెంటును అడ్డుకున్నా, బోల్టు దయవల్ల ఏడాది నడిచింది. ఇప్పుడు తుప్పు ఆ దారీ మూసేసింది.

ఆ పెయింటు ఎవరిదో నూకరత్నానికీ తెలుసు. వీధంతా వింటోంది. ఒక్కమాట చాలు, ఇరవై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. కానీ ఆమె ఎమరీ పేపరు ముక్క అతని చేతిలో పెట్టి, "నువ్వే గోకు బాబాయ్, నాకు చెయ్యి అందట్లేదు," అంది మెల్లగా. ఆమె చెయ్యి అతని చేతికంటే సన్నం!

పొక్కిన వేళ్లతోనే లింగం ఇనుము తెల్లగా మెరిసేదాకా గోకి, పట్టీ బిగించాడు. సెల్ఫ్ లాగగానే ఇంజను గుర్రుమంది. అదే క్షణాన తొలికిరణం ఏడుగుర్రాల మీద పడింది.

"లింగమా మజాకా!" అన్నారు జనం. కామశాస్త్రిగారు శేషవస్త్రం పట్టుకుని అలవాటుగా అతని వైపే వచ్చారు. ఏడాదంతా అతను కాచుకున్న క్షణం అది. లింగం తల వంచలేదు. చేతులు జోడించాడు.

"స్వామి ఎదట అబద్ధం ఆడలేనండి. పెయింటు వేసి పాడుచేసింది నేను. పట్టుకున్నది ఆ పిల్ల. నేను అనరాని మాటలన్నా నా పరువు దాచింది. అది ఆమెకే కప్పండి."

శేషవస్త్రం నూకరత్నం భుజాన పడింది. చిత్రం! లింగానికి ఆ పూట తలనొప్పి రాలేదు.

కాబట్టి నాయనలారా, అసూయ నిండిన కన్ను ఎదుటివారి పనిలోనే తప్పు వెతుకుతుంది. తన తప్పు తన చెయ్యి కాలుస్తున్నా చూడనివ్వదు.