వైశాఖంలో రాసిన సూచన

నృహరి ఆచార్యులవారికి ఒక అలవాటు ఉండేది. శాస్త్రంలో సందేహం అడిగితే శాస్త్రంతోనే తీర్చేవారు. దోషం ఎవరిదని అడిగితే మాత్రం పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి దానిమీద పెట్టి, తాము ఎరిగినవారి ఇంట జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పేవారు. ఆ సంగతికీ అడిగిన ప్రశ్నకూ లంకె వెదుక్కోవడం శిష్యుల వంతు.

ఒకనాటి ఉదయం పాఠం ముగిసి తక్కినవారందరూ లేచిపోయాక, హయగ్రీవుడనే శిష్యుడు కదలక కూర్చుండిపోయాడు. ఏడేళ్ళుగా గురువుగారి మాట జవదాటనివాడు. కొన్ని వారాలుగా అతని ముఖాన కళ తప్పింది, కంఠం సన్నగిల్లింది. ఏమైందని అడిగినవారికి ఏమీ లేదన్నాడు. ఆనాడు నేలచూపులు చూస్తూ అడిగాడు.

"గురువు చూపిన జాడ వెంటే అడుగు తప్పకుండా నడిచినవాడు ఆపదలో పడితే, ఆ దోషం ఎవరిది స్వామీ?"

ఆచార్యులవారు పుస్తకం మూశారు. ఆ పూట ఆయన చెప్పిన సంగతి ఇది.

భూమి కొలతల శాఖలో పనిచేసే త్రివిక్రమంగారు, ఆయన భార్య శర్వాణి, పదమూడేళ్ళ కూతురు మంజరి, కుటుంబ స్నేహితుడు నాగలింగం, ఈ నలుగురికీ ఒక ఆట వ్యసనమైపోయింది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ముద్రపెట్టె. నీరు చొరని చిన్న పెట్టెలో చేత్తో చెక్కిన రబ్బరు ముద్ర ఒకటి, తెల్లకాగితాల పుస్తకం ఒకటి ఉంచి, కొండల్లో ఎక్కడో దాచి, చోటు తెలిపే సూచన రాసి ఇస్తారు. వెదికి పట్టినవారు పెట్టెలోని ముద్రను తమ పుస్తకంలో, తమ ముద్రను పెట్టెలోని పుస్తకంలో వేసుకుని, పెట్టెను ఉన్నచోటనే ఉన్నట్టుగా దాచి రావాలి. బహుమానం ఏమీ లేదు. ముందు పడిన ముద్ర ఎవరిదన్నదే ఘనత. మంజరి ముద్ర తోక విప్పిన ఉడుత. నాగలింగం ముద్ర ఏనుగు. ఆదివారం వస్తే చాలు, పులిహోర డబ్బాతో రెండిళ్ళవారూ కొండ దారి పట్టేవారు. ఉడుత గెలిచిందా ఏనుగు గెలిచిందా అన్న వాదంతోనే తిరుగుప్రయాణం సాగేది.

దాచే పని ఎప్పుడూ త్రివిక్రమంగారిదే. ఆయన సూచనలో ఒక్క అడుగు ఎక్కువ తక్కువ ఉండదని ప్రతీతి. వెదికేవారిని దూరం నుంచి ఉడికించే హక్కు కూడా దాచినవాడికి ఉంది. 'అక్కడ కాదు, దారి తప్పారు, వెనక్కి రండి' అని ఎన్ని అబద్ధపు కేకలైనా వేయవచ్చు. వేయకూడనిది ఒక్కటే: పెట్టె ఫలానా చోట ఉందని, నిజమైనా అబద్ధమైనా, తన నోట చెప్పకూడదు. చెబితే ఆ వేట అక్కడితో చచ్చినట్టే. కిందటి ఏడు తండ్రి కేక నమ్మి వెనుదిరిగిన మంజరి, పది అడుగుల దూరంలో గెలుపు పోగొట్టుకుంది. "ఏనుగు తొండం పొడుగమ్మా, ఉడుత ఏం చేస్తుంది" అని నాగలింగం వారం రోజులు ఏడిపించాడు. ఇకమీదట తండ్రి పిలిచినా, దేవుడు పిలిచినా వేటలో వెనక్కి చూసేది లేదని ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంది. అందరూ నవ్వారు. త్రివిక్రమంగారు అందరికన్నా ఎక్కువ నవ్వారు.

ఆ ఏడు వైశాఖంలో చిలకవాగు ఎండి ఇసుకమేటగా ఉన్నప్పుడు ఆయన ఒక పెట్టె దాచారు. జంటబండ దగ్గర నిలిచి, తూర్పుముఖంగా ఇసుకమీద నలభై అడుగులు. అక్కడ ఆవుచెవి ఆకారంలో ఒక రాయి. సూచనలో ఆ రాయి ఊసు లేదు, అడుగుల లెక్కే ఉంది. చోటు కళ్ళకు తెలియాలి గాని కాగితానికి తెలియకూడదన్నది ఆయన పద్ధతి. ఏవో పనులు అడ్డం వచ్చి ఆ వేట వాయిదా పడుతూ వచ్చింది. వైశాఖంలో రాసిన సూచన భాద్రపదంలో మంజరి చేతికి వచ్చింది. ఆ ఉదయం వాగులో మడమలు తడిసేంత నీరే, అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా పారుతోంది. చూసి కూడా ఆయన సూచన మార్చలేదు. కాళ్ళు కాస్త తడిస్తే వేటకు అందమే అనుకున్నారు.

మంజరీ నాగలింగమూ ఎగువకు వెళ్ళారు. భార్యాభర్తలు దిగువన ఒక చప్పట బండమీద కూర్చున్నారు. ఆకాశంలో మబ్బుతునక లేదు. శర్వాణి విస్తళ్ళు తుడుస్తుండగా త్రివిక్రమంగారి చూపు నీటిమీద పడింది. తేటగా ఉన్న వాగు అంచుల వెంట ఎర్రబారుతోంది. కుళ్ళిన ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నాయి. పై కొండల్లో ఎక్కడో పెద్ద వాన పడిందని, ఈ ఎర్రనీరు ముందు వచ్చే వార్త మాత్రమేనని, అసలుది వెనక వస్తోందని ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ళు వాగులూ వంకలూ కొలిచిన మనిషి.

శర్వాణి కూడా చూసింది. వెళ్ళి పిలుచుకు రమ్మంది. కళ్ళున్నవాళ్ళు నీళ్ళు చూసి వాళ్ళే ఒడ్డెక్కుతారని, నాగలింగం పక్కనే ఉన్నాడని ఆయన అన్నారు. అంటూ ఉండగానే తన గొంతు తనకే అన్యుల గొంతులా వినిపించింది.

"మీరు రాసినదాని కన్నా నీటిని ఎక్కువ నమ్మేలా దాన్ని పెంచామా మనం?" అంది శర్వాణి.

ఆయన లేచి పరుగందుకున్నారు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. ముళ్ళకంపలు పంచెను చీల్చాయి. దారి పొడుగునా ఆయన చెవుల్లో మోగింది ఒక్కటే, తాను రాసిన 'ఇసుకమీద' అన్న మాట. ఆ ఇసుక ఇప్పుడు వాగు నడిగర్భం.

జంటబండ చేరేసరికి నాగలింగం మోకాళ్ళదాకా నీటిలో, ఒక వేరు పట్టుకుని, రమ్మని అరుస్తున్నాడు. ముందుకు వెళ్ళబోయి ఒకసారి పడి లేచినట్టు బట్టలే చెబుతున్నాయి. మంజరి వాగు నడుమ ఉంది. నీరు నడుము దగ్గరకు వచ్చింది. సూచన కాగితాన్ని తలకన్నా ఎత్తుగా పట్టుకుని, ఒక్కొక్క అడుగూ తడిమి వేస్తూ లెక్కపెడుతోంది. నాగలింగం కేకలు ఆమెకు ఓడిపోతున్నవాడి కేకలు.

త్రివిక్రమంగారు వెనక్కి రమ్మని అరిచారు. ఆమె తల తిప్పలేదు గాని నవ్వింది.

"ముప్ఫై ఒకటి. ఈసారి నీ కేకలకు నేను తిరగను నాన్నా."

సూచన తప్పన్నారు. కిందటి ఏడు కూడా అదే అన్నారు. వరద వస్తోందన్నారు. మబ్బులేని ఆకాశం కింద అంతకన్నా పెద్ద అబద్ధం లేదు. ఆమె ముప్ఫై రెండో అడుగు వేసింది. దిగి పట్టుకుందామంటే, వెంటపడుతున్నారని తెలిసి ఆమె ఇంకా తొందరగా లోపలికి పోతుంది. ఎగువ మలుపు దగ్గర కొండ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు మొదలైంది. జీవితమంతా వేసిన కొలతలేవీ ఆయనకు అక్కరకు రాలేదు. నిజమనిపించుకోగల మాట ఆయన దగ్గర ఒక్కటే మిగిలింది.

"మంజరీ, పెట్టె ఆవుచెవి రాయి కింద ఉంది. పడమటి పగుల్లో. దాచినవాణ్ణి నేనే చెబుతున్నాను. రా తల్లీ."

పిల్ల ఆగిపోయింది. దాచినవాడు చోటు చెప్పేశాడు. ఆట లేదు. మొదటిసారి ఆమె కాగితం మీది నుంచి చూపు తీసి నీటిని చూసింది. దాని రంగు చూసింది. వెనుదిరిగింది. గట్టు దగ్గరపడేదాకా బాగానే వచ్చింది. తరువాత కాలు జారింది. ఈలోగా తండ్రి నడుములోతు దిగారు, ఆయన నడుముకు కట్టిన కండువా కొసను నాగలింగం వేరుకు చుట్టి పట్టాడు. పిల్ల మణికట్టు దొరికింది. ముగ్గురూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ గట్టెక్కిన కాసేపటికే మలుపు తిరిగి వరద వచ్చింది. ఆవుచెవి రాయి ఎక్కడుందో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు.

మంజరి వణుకుతూ చాలాసేపు తండ్రిని చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు.

"ఎందుకు చెప్పేశావు నాన్నా" అని భోరున ఏడ్చింది.

త్రివిక్రమంగారు పిల్ల జుట్టులోంచి కారుతున్న ఎర్రనీటిని అరచేత్తో తుడుస్తూ ఉండిపోయారు.

ఆచార్యులవారు అంతటితో ఆపారు. హయగ్రీవుడు, అయితే దోషం తండ్రిదేనా, చదివినదాన్నే పట్టుకుని నీటిని చూడని పిల్లది కాదా అని అడిగాడు.

గురువుగారు కళ్ళద్దాలను పుస్తకం మీదనే విడిచి, పీట మీది నుంచి లేచి, వచ్చి అతని పక్కన వట్టి నేలమీద కూర్చున్నారు.

"అది గట్టెక్కినవాళ్ళు అడిగే ప్రశ్న నాయనా" అన్నారు. "నువ్విప్పుడు ఎంత లోతులో ఉన్నావో ముందు అది చెప్పు."