దిబ్బరొట్టెకు రాజముద్ర

ఏటి ఒడ్డున సింగవరం అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే త్రిలోచనవర్మ మంచివాడే కానీ, తనకు తెలియని విద్య లేదనుకునేవాడు.

ఒక ఏడు జాతరలో పాచిపోయిన మిఠాయిలు తిని ముప్పై మంది మంచం పట్టారు. రాజు కంగారుపడి, ఎవరినీ అడగకుండా తానే కూర్చుని శుచిశాసనం రాశాడు. ఇంట్లో చేసిన తినుబండారం గడప దాటాలంటే ఆ ఇంటికి రాజముద్ర ఉండాలి. ముద్ర కావాలంటే వంటగదికి రాతినేల, రెండు వాకిళ్లు, గుమ్మం దగ్గర కావలివాడు ఉండాలి. ఇలాంటి నియమాలు అరవై. కోటలోని పెద్ద వంటశాలకు తప్ప అంత వైభవం ఎక్కడుంటుంది?

సాలెవీధిలో పేరిందేవి అనే ఆవిడ బెల్లపు దిబ్బరొట్టెలు చేసి అమ్మేది. కిందా పైనా నిప్పులు పెట్టి, అరచెయ్యి మందాన నిదానంగా కాల్చేది. భర్త చెయ్యి మగ్గంలో పడి నలిగిన నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఆ పొయ్యే ఆధారం. ముద్ర కోసం ఎన్నిసార్లు కచేరీకి వెళ్లినా రెండో వాకిలి లేదని తిప్పి పంపారు. పొయ్యి చల్లబడింది.

ఆస్థానంలో చతురుడని పేరున్న బాచన దగ్గరికి వెళ్లి ఆమె గోడు చెప్పుకుంది. నియమాలు వద్దని అనలేదు.

"శుభ్రంగా ఉన్నానో లేదో వచ్చి చూడమనండి బాబూ. చూడకుండానే కాదంటే నేనేం చెయ్యను?" అంది.

ఆ మాట బాచన మనసులో నాటుకుంది. అతడు అటునుంచి అటే రాజమాతను దర్శించుకుని, చాలాసేపు మాట్లాడి వచ్చాడు.

మర్నాడు నిండుసభలో బాచన ఒక అర్జీ తీసి చదివాడు. ఎవరో పెద్దావిడ ముద్ర కోరుతోంది. పడకగది పక్కనే వంట. మట్టిపొయ్యి. ఒకటే వాకిలి. కావలి లేదు. రోజూ ఉదయమే సున్నుండలు చుట్టి గడప దాటిస్తుంది.

రాజుకు తన శాసనం వినిపించే అవకాశం దొరికింది. ఒక్కొక్క తప్పుకూ ఒక్కొక్క వేలు మడిచి, అది ఎన్నో నియమానికి విరుద్ధమో చెప్పాడు. చివరికి ఆ పొయ్యి పగలగొట్టమని ఆజ్ఞాపించి, ఆ సున్నుండలు తిన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారా అని అడిగాడు.

"తినేది ముఖ్యంగా ఒక్కరే, ప్రభూ," అన్నాడు బాచన. "నలభై ఏళ్లుగా తింటున్నారు. కడుపునొప్పి అన్నది ఎరగరు. ఈ పూట కూడా రెండు తిని సభకు వచ్చారు."

రాజు చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. అక్కడ కాస్త సున్నుండ పొడి అంటుకుని ఉంది.

"అర్జీ ఎవరిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"రాజమాతగారిది."

తెర వెనుక నుంచి రాజమాత గొంతు వినిపించింది.

"పొయ్యి పగలగొట్టేవాళ్లని ఎప్పుడు పంపుతావు నాయనా? ఈలోగా రేపటికి మినుములు వేయించుకుంటాను."

రాజు తెర వంక చూశాడు, బాచన వంక చూశాడు. ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. అప్పుడు సభంతా నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక, శాసనం తీసేస్తే మళ్లీ జాతరనాటి గతే పడుతుంది కదా అని రాజు నిజంగానే దిగులుపడ్డాడు.

"తీసెయ్యమనడం లేదు ప్రభూ," అన్నాడు బాచన. "ఇళ్లకు మనిషిని పంపి చూడమంటున్నాను. నీళ్లు ఎక్కడివి, పిండి ఎలా దాస్తున్నారు, చేతులు కడుగుతున్నారా, ఏనాడు వండిందీ పొట్లం మీద రాస్తున్నారా అని. అవి బాగుంటే ఆ గుమ్మంలోనే ముద్ర వేయించండి."

రాజు అరవై నియమాలనూ ఆరుకు కుదించి, భుజాన ఉన్న పట్టుశాలువా తీసి బాచనకు కప్పాడు.

వారం తిరక్కుండా అధికారి పేరిందేవి ఇంటికి వచ్చాడు. బెల్లం కుండకు మూత పెట్టమన్నాడు. ఆమె అప్పటికప్పుడే పెట్టింది. గుమ్మం మీద ముద్ర పడింది, పొయ్యి రాజుకుంది, వీధంతా కాలిన బెల్లం వాసన కమ్ముకుంది.

ఆ సాయంత్రమే మహారాజుగారికి ఒక రొట్టె కావాలని కోట నుంచి భటుడు వచ్చాడు. పేరిందేవి పిండి చేతులు కడుక్కుని, వాకిట్లో నిలబడ్డ జనాన్ని చూపించి, ప్రభువుల వంతు ఎల్లుండి వస్తుందని వినయంగా చెప్పి పంపింది.

భటుడు భయపడుతూనే ఆ మాట విన్నవించాడు. రాజు మళ్లీ నవ్వాడు. ఎల్లుండి దాకా ఆగాడు కూడా.