నక్క తోటలో పొద్దెక్కేదాకా

వాగు మలుపు తిరిగే చోట, కాలువ పక్కన, కొన్ని జంతువులు పెరళ్ళు వేసుకుని బతుకుతున్నాయి. నక్కా కోడీ ఒకే కాలువ నీళ్ళు తాగుతూ ఎలా బతుకుతాయని మీరు అడుగుతారని తెలుసు. అవసరం అలాంటిది. వేసవి వస్తే ఆ కాలువలో సన్నటి ధార తప్ప ఏమీ పారదు. ఆ ధారలో వంతు దొరకాలంటే అందరితోనూ సఖ్యంగా ఉండాలి. నక్క కూడా పక్క పొలాల్లో పీతలతో పొట్ట నింపుకుని, ఇటు వచ్చేసరికి పెద్దమనిషిలా నడిచేది.

ఎవరి వంతు ముందో తేల్చడానికి అక్కడో పద్ధతి ఉంది. చలికాలం చివర్లో ఒక రోజు అందరూ కలిసి ఒకరి తోట తరవాత ఒకరి తోట చూస్తూ తిరుగుతారు. దానికి తోటల తిరుగుడు అని పేరు. సాయంత్రానికి ఎద్దు తాత ఏ తోట బాగుందంటే వేసవంతా ఆ తోటకే మొదటి వంతు నీళ్ళు. తిరుగుడికి కొన్ని మర్యాదలు ఉన్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళు మొక్కల్ని ముట్టుకోకూడదు. తోటకి తప్పు పట్టకూడదు, పట్టినవాళ్ళ వంతు ఆఖరికి పోతుంది. ఇక ఇంటివాళ్ళేమో, వచ్చినవాళ్ళు తమంతట తాము లేచేదాకా వెళ్ళమని అనకూడదు. మొదటి మర్యాదని మాత్రం మేక చెవి దగ్గర ఇంకోసారి గట్టిగా చెప్తారు.

కోడికి చిక్కల్లా రెండో మర్యాదతోనే. దాని నోరు ఊరుకోదు. కిందటేడు మేక తోటలో అడుగు పెట్టగానే, "ఇదేం తోటే, గొరిగిన గుండులా ఉంది" అనేసింది. మాట నిజమే. మేక పెంచింది పెంచినట్టు తనే మేసేస్తుంది. కానీ నిజం చెప్పినంత మాత్రాన మర్యాద మారదు కదా. కోడి వంతు ఆఖరికి పోయింది. కాలువ చివరికి తడిమట్టే తప్ప నీళ్ళు రాలేదు. దాని బచ్చలీ, తోటకూరా, వంగా కళ్ళముందే మాడిపోయాయి. పిల్లల్ని వెంటేసుకుని గింజల కోసం ఎండలో ఎక్కడెక్కడో తిరిగింది. ఆ వేసవి దాన్ని చూసి నాకు చాలా బాధేసింది. ఈసారి కూడా ఆఖరి వంతే వస్తే తోటా ఉండదు, పిల్లల కడుపులోకి తిండీ ఉండదు. అందుకే తిరుగుడు రోజు పొద్దున్నే పిల్లల్ని గంప కింద ఉంచి, మెచ్చుకోవడానికి తప్ప నోరు తెరవనని ఒట్టు పెట్టుకుని బయల్దేరింది.

నక్కకి తోటంటూ ఎప్పుడూ లేదు. దాని పెరట్లో ఉన్నవి పల్లేరు కాయలు, రెండు ఉమ్మెత్త మొక్కలు. కానీ ఈ ఏడు దానికి మొదటి వంతు మీద కన్ను పడింది. మొదటి వంతు దక్కితే కాలువకి తన గుమ్మం ముందే అడ్డుకట్ట వేయొచ్చు. నీళ్ళు కావాల్సినవాళ్ళు తన దగ్గరికే వచ్చి బతిమాలుకోవాలి. ముందు ఎవరు వస్తారో కూడా అది ఊహించుకుంది. ఆ వచ్చేదాని వెనకాల బొద్దుగా ఎన్ని పిల్లలు నడిచి వస్తాయో తలుచుకుని పెదాలు నాక్కుంది.

కొండ దిగువన గెస్ట్‌హౌస్ ఒకటి ఉంది. దాని తోటమాలి పొద్దెక్కితే గానీ లేవడని నక్కకి తెలుసు. తెల్లవారుతుండగా వెళ్ళి మందారం కొమ్మలూ, గులాబీలూ, బంతీ, క్రోటన్లూ నోటికి దొరికినవి దొరికినట్టు కొరికి తెచ్చింది. దారిలో ఎవరిదో గుమ్మడి తీగ కనిపిస్తే అది కూడా పిందెలతో సహా లాక్కొచ్చింది. అన్నిటినీ పెరట్లో వరసగా గుచ్చి, మట్టి నొక్కి, నాలుగు పుల్లలతో పందిరి వేసి తీగని దాని మీద పరిచి, పైన నీళ్ళు చల్లింది. తరవాత ఒళ్ళు దులుపుకుని ఎద్దు తాత దగ్గరికి పోయింది.

"తాతా, ఈసారి తిరుగుడు నా తోటతో మొదలుపెట్టాలి. మంచు ఆరకముందే చూస్తేనే దాని అందం."

"నీకు తోట ఎప్పుడొచ్చింది రా?" అంది ఎద్దు.

"వేశాను తాతా. మనం చేసింది మనమే చెప్పుకుంటే బాగుండదని ఊరుకున్నాను."

ఎద్దు తాతకి తొందర తెలీదు, అనుమానం కూడా ఆలస్యంగానే వస్తుంది. సరేనంది.

అందరూ నక్క పెరట్లోకి వచ్చి నిలబడిపోయారు. నిజం చెప్పొద్దూ, ఆ పొద్దుటి వెలుగులో నీటి బొట్లతో ఆ పువ్వులు కళ్ళు తిప్పుకోనివ్వలేదు. గాడిదకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నక్కన్నా, ఇన్నాళ్ళూ నిన్ను సోమరివాడివి అనుకున్నాను. నన్ను క్షమించు" అంది.

"పోనీలే, అందరూ అలాగే అనుకున్నారు" అంది నక్క, బోలెడు ఔదార్యంతో.

కోడి మాత్రం పువ్వుల్ని చూడలేదు. దాని చూపెప్పుడూ నేల మీదే. మొక్కల మొదళ్ళ దగ్గర మట్టి అప్పుడే నొక్కినట్టు పచ్చిగా ఉంది, నొక్కిన పాదాల గుర్తులతో సహా. మందారం మనిషెత్తు ఉంది, దాని మొదలేమో కందిపుల్లంత ఉంది. గుమ్మడి తీగ పందిరి మీదికి బాగానే పాకింది గానీ, దాని రెండో కొస నేలలోకి దిగకుండా ఆకుల చాటున దాక్కుంది. కోడికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం..." అని మొదలుపెట్టింది.

ఎద్దు తాత తల తిప్పి చూసింది. నక్క చెవులు నిక్కించింది. కోడికి కిందటి వేసవి గుర్తొచ్చింది.

"ఇదేం అందం బావా" అని ముగించింది.

నక్క ముసిముసిగా నవ్వింది. "చాలా సంతోషం మరదలా. మరి మిగతా తోటలు కూడా చూడాలి కదా, మీకు ఆలస్యం అవుతుందేమో."

వెళ్ళమని అనకుండా వెళ్ళమనడం అంటే అదే. సరిగ్గా అప్పుడు కోడి కంటికి ఇంకోటి ఆనింది. గుమ్మడాకు అంచు కాస్త కిందికి వాలింది. కోడి తల పక్కకి వంచి, కొండ మీదికి వస్తున్న సూర్యుణ్ణి ఒకసారి చూసింది. ఆ తరవాత నడిదారిలో రెక్కలు సర్దుకుని, గుడ్డు పెట్టడానికి కూర్చున్నంత స్థిరంగా కూర్చుంది.

"ఇంత తోట చూసి వెంటనే వెళ్ళిపోతామా? మేమంత మర్యాద తెలీనివాళ్ళమా? కూర్చో తాతా. కూర్చో గాడిదన్నా. బావా, ఒక్కో మొక్క సంగతీ నీ నోటితో చెప్పు, వినాలని ఉంది."

నక్కకి పొగడ్త అంటే పీతల కంటే ఇష్టం. ఇంతవరకు దాన్ని ఎవరూ ఒక మంచి పనికి పొగిడింది లేదు. కొంచెం చెప్పి పంపేద్దాం అనుకుంది.

"ఈ గులాబీ ఉందే, దీన్ని చంటిపిల్లలా పెంచాను. రోజూ చీకటితో లేచి ఆకుల మీద దుమ్ము తుడుస్తాను. దానితో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?" అంది గాడిద.

"మంచీ చెడూ."

"అదేమంటుంది?"

నక్క ఒక్క క్షణం ఆలోచించింది. "ఊ కొడుతుంది" అంది.

"ఆహా" అంది కోడి. "మరి ఎరువు?"

ఎరువు గురించి నక్క చాలాసేపు చెప్పింది. అంత తప్పుల తడకగా ఎరువు గురించి ఇంకెవరూ చెప్పలేరు. బూడిద నీళ్ళలో కలిపి పువ్వుల మీద పోస్తానంది. వేళ్ళకి గాలి ఆడాలని వారానికోసారి మొక్కల్ని పీకి మళ్ళీ పెడతానంది. మేక కిసుక్కున నవ్వబోయి దగ్గులోకి దింపింది. కోడి మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని, "మాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు చూడు" అంది. నక్కకి ఉత్సాహం వచ్చింది. చెప్తూ చెప్తూ ఎండ సంగతి మరిచిపోయింది.

ఎండ మాత్రం దాన్ని మరవలేదు. నీటి బొట్లు ఆరిపోయాయి. గుమ్మడాకులు తడిగుడ్డల్లా వేలాడాయి.

"ఆకులు అలా వాలిపోయాయేంటి?" అంది గాడిద.

"గాడిదా, తప్పు పడుతున్నావా?" అంది ఎద్దు.

"అయ్యో లేదు తాతా. ఊరికే అడిగాను."

"అది సిగ్గు" అంది కోడి. "లేత తీగ. ఇంతమంది ఒకేసారి చూస్తుంటే తల దించుకోదా? ఎంత పద్ధతిగా పెంచావు బావా."

నక్క వెనక్కి తిరిగి చూసింది.

"తాతా, పొద్దెక్కుతోంది. అవతల మేకక్క ఎదురుచూస్తూ ఉంటుంది" అంది.

"నేనిక్కడే ఉన్నాను" అంది మేక.

"వెళ్ళమంటున్నావా?" అంది ఎద్దు.

"ఎంత మాట తాతా. కూర్చోండి, కూర్చోండి."

ఎద్దు తాత కాళ్ళు మడిచి ఇంకాస్త సుఖంగా కూర్చుని నెమరు వేయసాగింది. దానికి విషయం అప్పుడప్పుడే అర్థమవుతోంది. "నాకేం తొందర లేదు. ఈ వయసులో ఇలాంటి తోట మళ్ళీ చూస్తానో లేదో" అంది.

కాసేపటికి బంతి మొక్క తల వాల్చింది. తరవాత మందారం మెల్లిగా వంగి వంగి, పువ్వు నేలకి ఆనేదాకా వంగింది.

"చూశారా" అంది కోడి, "పెద్దవాళ్ళు కనపడగానే నమస్కారం పెడుతోంది. నా పిల్లలు కూడా ఇంత వినయంగా ఉండరు."

గాడిద గబుక్కున లేచి మందారానికి తిరిగి నమస్కారం పెట్టింది.

అంతలో మేక పక్కనున్న గులాబీ కొమ్మ దానంతట అది పక్కకి ఒరిగి పడిపోయింది. మేక రెండడుగులు వెనక్కి గెంతింది. "నేను కాదు. మీమీద ఒట్టు, నేను వాసన కూడా చూడలేదు."

నక్క కుండ పట్టుకుని ఉరికింది. "కాస్త దాహంగా ఉన్నట్టున్నాయి" అంటూ నీళ్ళు కుమ్మరించింది. ఆ తొందరలో ఎక్కువ పోసేసింది. మట్టి కరిగి, నిటారుగా నిలబడ్డ క్రోటన్లు కూడా ఒకదాని మీద ఒకటి కూలబడ్డాయి.

"పడుకున్నాయి" అంది కోడి, గొంతు తగ్గించి. "మెల్లిగా మాట్లాడండి. మనం వస్తున్నామని పాపం చీకట్లోనే లేచి ఉంటాయి."

అందరూ గొంతు తగ్గించారు. చెల్లాచెదురుగా పడున్న కొమ్మల మధ్య ఎద్దూ, గాడిదా, మేకా, కోడీ పెళ్ళివారిలా ముచ్చట్లాడుకుంటూ కూర్చున్నారు. నక్క ఇరుక్కుపోయింది. అటు చూస్తే తోట చచ్చింది, ఇటు చూస్తే చుట్టాలు లేవరు. ఒక్కరైనా ఇది బాగాలేదంటే బాగుండును, కసురుకునైనా పంపేయొచ్చు అనుకుంది. ఎవరూ అనలేదు.

"బావా" అంది కోడి, "భోజనాలు కూడా ఇక్కడే కానిద్దాం. పొద్దుటి అందం చూశాం, సాయంత్రం అందం ఎలా ఉంటుందో చూడకుండా వెళ్ళాలనిపించట్లేదు."

"అవును" అంది గాడిద. "ఈలోగా నక్కన్నా, గులాబీ ఊ కొడుతుందన్నావే, ఆ ముక్క ఇంకోసారి చెప్పు. ఇప్పుడు ఊ కొడుతుందా?"

నక్క కుండ నేలకేసి కొట్టింది.

"ఊ లేదు, నీ మొహమూ లేదు. చచ్చింది అది. నమస్కారమట, సిగ్గట. కళ్ళు లేవా మీకు? ఒక్కదానికీ వేళ్ళు లేవు. పొద్దున గెస్ట్‌హౌస్‌లోంచి కొరుక్కొచ్చి గుచ్చాను. ఇంత దరిద్రపు తోట ఈ వాగు ఒడ్డున ఇంకోటి లేదు. ఇక లేవండి, నా పెరట్లోంచి పొండి."

ఎద్దు తాత నెమరు వేయడం ఆపి, మెల్లిగా లేచి, తోక ఝాడించుకుంది.

"నక్కా, తోటకి తప్పు పట్టావు" అంది.

"నా తోటే కదా తాతా."

"ఎవరి తోటైనా తోటే. దరిద్రపు తోట అని నీ నోటితో అన్నావు, మేమంతా విన్నాం. తప్పు పట్టినవాళ్ళ వంతు ఆఖరు. పైగా వచ్చినవాళ్ళని పొమ్మన్నావు. అదెక్కడి మర్యాద?"

నక్క కోడి వంక చూసింది. కోడి నేల మీద ఏదో గింజ ఏరుకుంటోంది.

"ఇదంతా నువ్వే చేశావు" అంది నక్క.

"నేనేమన్నాను బావా? పొద్దుట్నించీ బాగుందనే అన్నాను."

ఆ వేసవంతా నక్క కాలువ చివర తడిమట్టి నాక్కుంటూ గడిపింది.

సాయంత్రానికి మొదటి వంతు గాడిద బీరపాదుకి దక్కింది, రెండో వంతు కోడికి. బీరపాదు వంకరగా ఉందనీ, పందిరి కట్టడం గాడిదకి రాదనీ కోడికి నాలుక చివరిదాకా వచ్చింది. ముక్కు గట్టిగా మూసుకుని, పిల్లల దగ్గరికి పరిగెత్తింది. ఆ ఏడు వాటికి తోటకూరకి కొదవ లేదు.

అబద్ధాన్ని తిట్టి పడగొట్టక్కర్లేదు. మెచ్చుకుంటూ కాసేపు పక్కన కూర్చుంటే ఎండకి అదే వాడిపోతుంది.