సర్వరు కండువా మీది ముడి

మాధవభూపాలుడికి ఒకనాడు సరదా పుట్టింది. "నా భోజనశాలలో ఒక్కడే వడ్డించాలి. ఎవరూ ఎదురుచూడకూడదు!"

ఆ రంగనాథుడి దయవల్ల, వడ్డించే కోనయ్య కాళ్ళలో చక్రాలున్నట్టే తిరిగేవాడు. ఒకాయన గారెలు వేగేలోపు రెండో ఆయన దగ్గరికి, ఆయన పాయసం మరిగేలోపు మూడో ఆయన దగ్గరికి పరుగు. వెబ్‌సైట్లు రాసే నాయనలారా, మీ సర్వరూ అంతేగా! డేటాబేస్ జవాబు వచ్చేలోపు ఒక ఫైబర్‌ని, అంటే ఒకరి పనిని, పక్కనపెట్టి ఇంకోటి అందుకుంటుంది.

మరి ఎవరికేం కావాలో గుర్తుండాలిగా! భోజనశాల పెద్ద రుద్రభట్లు మీసం దువ్వాడు.

"ఒరేయ్, నీ కండువాకి ముళ్ళేసుకో. ఒకటైతే ఉపవాసం, రెండైతే గారెలు, మూడైతే వైద్యుడు రాసిన ఆముదం."

ఏకాదశి నాడు కొంప మునిగింది. రాజగురువు ఉపవాసమన్నారు. కోనయ్య ఒక ముడి వేశాడు. ఆయనకి పళ్ళు కోసేలోపు ఇంకెవరో గారెలన్నారు. గారెలంటే రెండుగా, ఉన్నదానికి ఇంకో ముడి చేర్చాడు. తిరిగొచ్చి కండువా చూసుకుని, గురువుగారి ముందు ఘుమఘుమలాడే ఉల్లిగారెలు పెట్టాడు!

గురువుగారు లేచిపోయారు. రాజు మండిపడ్డాడు.

"వీడికి మతిమరుపు ప్రభూ, సాగనంపండి. మా బావమరుదులు నలుగురున్నారు," అన్నాడు రుద్రభట్లు.

కోనయ్య కళ్ళు నీళ్ళతో నిండాయి. రాజుకి తాంబూలం చుట్టే నాంచారమ్మకి ఆ మొహం చూస్తే ప్రాణం ఉసూరుమంది.

"తప్పు మనిషిది కాదు ప్రభూ, ముడిది. ఉండాల్సిన చోట లేదు. రేపొక్క పూట నాకివ్వండి. మళ్ళీ పొరపాటైతే ఇతనితో పాటు నేనూ ఊరు విడుస్తా."

"ఆకులు చుట్టే ఆవిడ వడ్డన నేర్పుతుందట!" కిసుక్కుమన్నాడు రుద్రభట్లు.

మర్నాడు నాంచారమ్మ కోనయ్య కండువా లాగి దండెం మీద పడేసింది.

"నీకెందుకయ్యా ముళ్ళు? ఎవరి కోరిక వాళ్ళ కండువాకే కట్టు. తిన్నాక విప్పి పంపు."

అంతే నాయనలారా! వచ్చినవాళ్ళ వివరాలు అందరి పనీ చేసే థ్రెడ్‌కి, అంటే మీ కోనయ్యకి, కట్టకండి, ఎవరి ఫైబర్‌కి వాళ్ళవి కట్టండి.

రుద్రభట్లు కావాలనే అతిథుల్ని చోట్లు మార్చాడు. వడ్డన తప్పలేదు. రాజే ముచ్చటపడి గరిటె అందుకున్నాడు. ముళ్ళు చూసి వడ్డించాడు, అయినా తప్పలేదు!

ఎలాగైనా తప్పు పట్టించాలనుకున్నాడు రుద్రభట్లు. ముసలి సేనాపతి చెయ్యి కడుక్కోవడానికి లేవగానే, ఆయన విడిచిన కండువా తన భుజాన వేసుకుని బంతిలో కూర్చున్నాడు.

"గారెలు పట్రా!"

కోనయ్య ఆయన భుజం మీది మూడు ముళ్ళు చూశాడు. వెళ్ళి వెండి గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. గుప్పుమంది వాసన!

"ఆముదమా! నేనడిగింది గారెలురా!"

నాంచారమ్మ ఆకుకి సున్నం రాస్తూ తలెత్తింది.

"నోరు మీదే భట్లుగారూ, ముళ్ళు మాత్రం సేనాపతిగారి పొట్టవి!"

అంతలో సేనాపతి పొట్ట పట్టుకుని వచ్చాడు. "నా కండువా ఏదర్రా? నా ఆముదం ఏది?"

బంతి బంతంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, "సేనాపతికి వేరే గిన్నె ఇవ్వండి. ఇది మాత్రం భట్లుగారు తాగాల్సిందే. బావమరుదులకీ తలొకటి పంపండి!"

ఆ పూటే భోజనశాల తాళాలు నాంచారమ్మ చేతికొచ్చాయి. కోనయ్య భుజాన రాజు స్వయంగా పట్టు కండువా కప్పాడు.

"దీనికి మాత్రం ముడెయ్యకురోయ్!"