హినోకియా వారి గుర్రం

తోకుమత్సుకు ఒకటే దిగులు. అతని ఇంటిపేరు ఎవరూ కేకేసి పిలవడం లేదు.

జపాను దేశంలో కబుకి అని ఒక నాటకం ఉంది. తాత ఆడితే తండ్రి, తండ్రి ఆడితే కొడుకు, అలా కుటుంబాలకు కుటుంబాలే దాన్ని పట్టుకుని బతుకుతాయి. చూడవచ్చినవాళ్ళు ఉత్త చప్పట్లతో సరిపెట్టరు. నటుడు మంచి పట్టులో మెడ విదిలించి, కళ్ళు ఇంతలేసి చేసి, బొమ్మలా బిగుసుకుంటాడు. సరిగ్గా అప్పుడు, అన్నిటికన్నా వెనక ఎత్తుగా ఉండే పైమెట్ల మీద నుంచి ఎవరో ఒకరు అతని ఇంటిపేరు గొంతెత్తి అరుస్తారు. ఇక చూడాలి ఆ నటుడి మొహం! మెడలో దండ వేసినా అంత వెలగదు.

తోకుమత్సు వాళ్ళది హినోకియా ఇల్లు. వాళ్ళ నాన్నే అతనికి గురువు. నాటకశాల గడప దాటాక నాన్నా అనకూడదు, గురువుగారూ అనాలి. ఆ గురువుగారు ఎప్పుడో ఒక మాటన్నారు.

"మీ తాత రంగం మీద ఆడిన పేరు రొకునోజో. అది నీకే ఇస్తాను. నువ్వు రంగం మీద ఉండగా పైమెట్ల వాళ్ళు, ఎవరూ చెప్పకుండా, ఒక్కసారి హినోకియా అని పిలవనీ."

ఆ నెల తోకుమత్సుది గుర్రమెక్కి వచ్చే సేనాపతి వేషం. గుర్రమంటే నిజం గుర్రం కాదు లెండి. చట్రం మీద ముఖమల్ చర్మం, లోపల ఇద్దరు మనుషులు. ముందుకాళ్ళు గెన్‌పాచి అనే పెద్దాయనవి. వెనక కాళ్ళు ఏ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళవి.

తోకుమత్సు రోజూ గుర్రం మీద బిగుసుకునేవాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా గుడ్లు మిటకరించేవాడు. పైనుంచి దగ్గులు తప్ప ఏమీ వినపడేవి కావు.

ఓపిక పట్టలేక బావమరిదిని బతిమాలి పైమెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు తెచ్చుకున్న అన్నం డబ్బా ఖాళీ చేసి, హాయిగా ఓ కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి "హినోకియా!" అని అరిచాడు. అప్పుడు రంగం మీద ఉన్నది పీట తెచ్చిపెట్టే నల్లబట్టల పనివాడు. నల్లబట్టల వాళ్ళు కళ్ళెదుట తిరుగుతున్నా లేనట్టే లెక్క అక్కడ. పాపం, పుట్టి బుద్ధెరిగాక ఎవరూ పిలవలేదేమో, అతను పీట కింద పెట్టి వంగి దండం పెట్టేశాడు. జనం పడీ పడీ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే తోకుమత్సు గురువుగారి ముందు చతికిలబడ్డాడు.

"తప్పంతా ఆ గుర్రానిది గురువుగారూ. నేను బిగుసుకునే వేళకి అది వణుకుతుంది. ముందుకాళ్ళు ఒక దారి, వెనక కాళ్ళు ఒక దారి. దాని మీద తాతయ్య ఎక్కినా ఎవరూ పిలవరు."

గురువుగారు చల్లారిపోతున్న టీ తాగుతున్నారు. నిన్నటి దండం గురించి ఒక్క మాటైనా అనలేదు.

"అలాగా," అన్నారు. "గుర్రం సంగతి నేను చూస్తాలే."

ఆ రోజు ఆట మొదలైంది. ఏం వింతో, గుర్రం మారిపోయింది. నడుస్తుంటే కింద నిజంగా కండలు కదిలినట్టుంది. తోకుమత్సు మెడ విదిలించేసరికి వెనక కాలొకటి మెల్లగా వెనక్కి జరిగి, నేలను తన్ని, అలా ఆగిపోయింది. నాటకశాలంతా ఊపిరి బిగబట్టింది.

"హినోకియా!"

పైనుంచే. బావమరిది గొంతు కాదు. అతను ఇంట్లో మొహం చాటేసి పడుకున్నాడు.

తెర పడీ పడకముందే తోకుమత్సు దూకి పరిగెత్తాడు. గురువుగారి గదిలో చూశాడు, లేరు. మెట్ల దగ్గర చూశాడు, లేరు. మళ్ళీ తెర వెనక్కే వచ్చి కేకేశాడు.

"గురువుగారూ! పిలిచారు! విన్నారా?"

"వినకేం," అంది గుర్రం. "ముందు ఈ బొత్తాలు విప్పండ్రా, ఊపిరాడటం లేదు."

వెనక సగంలోంచి గురువుగారు బయటికొచ్చారు. నెత్తిమీద ముఖమల్ నూగు, గడ్డం మీదుగా చెమట. నడుం పట్టుకుని నిలబడి, అరచెయ్యి చాపారు.

"దాణా ఏదీ?"

గుర్రమెక్కినవాడు ఆట అయ్యాక మోసినవాళ్ళ చేతిలో తినడానికేదైనా పెట్టడం అక్కడి ఆనవాయితీ. దాన్నే దాణా అంటారు. తోకుమత్సు ఆ నెలంతా ఒక్కనాడూ పెట్టలేదు.

అతను ఆ చేతిని చూశాడు. పైమెట్ల వైపు చూశాడు. మళ్ళీ చేతిని చూశాడు.

"అయితే వాళ్ళు పిలిచింది... మిమ్మల్నా?"

"నాకేం తెలుసురా? ఇంటిపేరు పెట్టి పిలిచారు. ఆ వేళకి రంగం మీద ఆ ఇంటివాళ్ళు ఎవరెవరున్నారో నువ్వే చూసుకో."

గెన్‌పాచి ఇంకా ముందుకాళ్ళలోనే ఉన్నాడు. గుర్రం తల ఊడదీసి చంకలో పెట్టుకుని, తండ్రీకొడుకుల మధ్య ఎటు చూడాలో తెలియక నేల చూస్తున్నాడు.

తోకుమత్సు తన గదిలోకి వెళ్ళి, అభిమానులు పంపిన బియ్యప్పిండి మిఠాయిల పళ్ళెం తెచ్చాడు. తండ్రిని దాటుకుని వెళ్ళి, గెన్‌పాచి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం పెట్టాడు.

గెన్‌పాచి హడలిపోయాడు. "అయ్యో చిన్నబాబుగారూ, ముందు గురువుగారికి..."

"తినవయ్యా గెన్‌పాచీ," అన్నారు గురువుగారు, నడుం రుద్దుకుంటూ. "వచ్చే నెల నీ మీద ఎక్కేది రొకునోజో. బరువెక్కువ."