సిగ్గుపడిన హంస

తామర, ఏనుగు, చేప, అన్నిటినీ ఎవరో ఒక వర్తకుడు తన ముద్రగా వాడేసుకున్న పట్నం అది. అలాంటి చోట నువ్వుల వర్తకుడి మూటల కోసం వడ్రంగి పోలమ్మ ఎవరికీ లేని ముద్రను చెక్కమీద చెక్కింది: మెడ పక్కకు తిప్పిన హంస. ఊరంతా మెచ్చుకుంది. నెల తిరక్కుండానే ఆస్థాన శిల్పి భద్రాచారి అచ్చం అలాంటి చెక్కే పట్టుకుని రాజుగారి కొలువుకెక్కాడు. పోలమ్మనూ పిలిపించారు.

"ఇది నా ఊహ ప్రభూ! ఆడదానికి సొంత ఊహ ఎక్కడిది? దీని ఉలి లాక్కోండి!"

ఉలి పోతే పోలమ్మకు బతుకే లేదు. అయినా నవ్వుతూనే అడిగింది. "అయ్యగారూ, తమ హంస మెడ తిప్పుకుందెందుకో?"

భద్రాచారి మీసం దువ్వాడు. "అది ఆడహంస. సిగ్గుపడింది. ఆ సొగసు నీకేం తెలుస్తుందిలే!"

పోలమ్మ తన చెక్కను రాజు చేతిలో పెట్టింది. మెడ నిటారుగా లేవాల్సిన చోట కొయ్యలోనే రాయిలాంటి ముడి ఉంది.

"అక్కడ ఉలి దిగలేదు ప్రభూ, అందుకే మెడ పక్కకు తిప్పాను. నా హంసకు సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. అయ్యగారి చెక్క అద్దంలా నున్నగా ఉందే, మరి దానికేం అడ్డొచ్చింది?"

కొలువంతా గొల్లున నవ్వింది. ముద్ర పోలమ్మదేనని రాజు తీర్పు చెప్పాడు. భద్రాచారి మెల్లగా మెడ పక్కకు తిప్పుకున్నాడు.

"అదిగో ప్రభూ," అంది పోలమ్మ, "సిగ్గంటే అదీ!"